కోసిన అంచు

లైబ్రరీ వెనక గదిలో కూర్చుని ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసిన ఆవిడని ఊళ్ళో అందరూ బైండరమ్మ అనేవారు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఆవిడకి ముక్కు మీద కోపం. ఆ కోపానికి సరిపడా పనితనమూ ఉంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. పేజీ మూల మడిచినవాళ్ళు కంటపడితే, "నీ చెవి కూడా ఇలాగే మడిచి నొక్కితే ఎలా ఉంటుందో చూస్తావా నాయనా?" అని అడిగేది. ఆ అడిగే తీరు చూస్తే నిజంగానే మడిచేస్తుందేమో అనిపించేది.

ఆవిడ కుట్టిన పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే తనంతట తాను మూసుకుపోదు. అంచు మీద వేలు పెట్టి లాగితే ఎక్కడా తగలకుండా జారిపోతుంది. "నా చేతిలో ఇంతవరకు ఒక్క పుస్తకం పాడవలేదు" అని రోజుకి ఒకసారైనా అనేది. వినేవాళ్ళు ఎవరూ లేకపోతే జిగురు గిన్నెతో అయినా అనేది.

ఇన్ని పుస్తకాలు బాగుచేసిన మనిషి ఒక్క పుస్తకం కూడా మొదటినుంచి చివరిదాకా చదవలేదంటే మీరు నమ్మరు. చదవడం రాక కాదు. "డాక్టరు కాలు విరిగినవాడికి కట్టు కడతాడు గాని వాడి జీవితకథంతా వింటాడా?" అనేది. ఈ పని నేర్పిన పెద్దాయన ఒకసారి, "కోసే ముందు ఒక పేజీ అయినా చదువమ్మా" అంటే నవ్వేసి ఊరుకుంది. ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరు. పోయి ముప్ఫై ఏళ్ళయింది. ఒక ఫొటో కూడా మిగల్లేదు. ఆయనని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ముందు గుర్తొచ్చేది ఆయన కుడిచేతి చూపుడువేలు. పుట్టుకతోనే కొక్కెంలా వంకర తిరిగి ఉండేది. దానితోనే కాగితం మడత నొక్కేవాడు. మడత బద్ద మనకెందుకమ్మా, దేవుడు ఇచ్చే పంపాడు అనేవాడు.

ఆ లైబ్రరీలో ఒక అలవాటు ఉంది. నెలకొక కుటుంబం పాత అలమరాలోంచి ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలి. రోజూ అందరూ కలిసి చదవాలి. అందులోంచి నేర్చుకున్నదేదో బొమ్మలు గీసో, రాసో, నెలాఖరు ఆదివారం హాలు గోడ మీద పెట్టి ఊరికి చూపించాలి. బైండరమ్మ రిటైరయ్యే నెల ఆవిడ కుటుంబానికే ఇచ్చారు. అదే ఆదివారం ఆవిడకి వీడ్కోలు కూడా. హాల్లోకి తెరుచుకునే బైండింగ్ గది గుమ్మం మీద పెట్టడానికి ఒక బోర్డు రాయించాలని లైబ్రేరియన్ అనుకున్నాడు. అందులో ఉండాల్సిన మాట ఆయనే ఎంచాడు: "ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క పుస్తకమూ పాడుచేయని చెయ్యి." బైండరమ్మ మొహమాటానికి కూడా వద్దనలేదు. ఉన్నమాటే కదా అంది.

ఇంట్లో నలుగురు. ఆవిడ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. ఇంజను మోత మీదుగా ముప్ఫై ఏళ్ళు మాట్లాడి మాట్లాడి ఆయన గుసగుస కూడా పక్కింటికి వినపడుతుంది. కూతురు బళ్ళో డ్రాయింగ్ టీచరు. అల్లుడికి ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు, కాబట్టి కూతురూ పదకొండేళ్ళ మనవరాలూ ఈ ఇంట్లోనే. మనవరాలికి ఒక ప్రశ్నకి జవాబు చెప్తే నాలుగు ప్రశ్నలు పుడతాయి. తాతకి అది మహా ముద్దు, అమ్మమ్మకి తలనొప్పి.

వాళ్ళ వంతుకి వచ్చింది ఒక చేతిరాత పుస్తకం. తొంభై ఏళ్ళ నాటిది, నలభై ఆకులు. ఒక పోస్టుమ్యాన్ రాసుకున్నది. ఆయన రోజూ ఉత్తరాలు పంచిన వీధులు, ఒక్కో ఆకుకి ఒక్కో వీధి. ఏ ఇంట్లో ఎవరుంటారు, ఏం పని చేస్తారు, ఎవరికి ఉత్తరం వస్తే ఇల్లంతా పండగలా ఉంటుంది, ఎవరికి ఎన్నేళ్ళయినా ఉత్తరమే రాలేదు, అన్నీ సిరాతో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశాడు.

సాయంత్రం ఆరింటికి భోజనాల బల్ల తుడిచి పుస్తకం పెట్టేవారు. తాతగారు చదివేవాడు. ఆయన గొంతుకి ఆ పాత వీధులన్నీ నిద్రలేచేవి. కూతురు విన్నది విన్నట్టు పెద్ద కాగితాల మీద వీధుల పటం గీసేది. మనవరాలు మర్నాడు ఆ వీధికి వెళ్ళి అక్కడ ఇప్పుడేముందో చూసొచ్చి, దానిమీద ఎర్ర పెన్సిల్‌తో రాసేది. గడియారాలు బాగుచేసేవాడి కొట్టు ఇప్పుడు మందుల షాపు. కుండల బట్టీ ఉన్నచోట సైకిళ్ళ స్టాండు. బైండరమ్మ ఓ పక్కన కూర్చుని దారానికి మైనం రాసుకుంటూ, వింటున్నట్టు కనపడకుండా వినేది. నాలుగో రోజు తాతగారికి గొంతు పట్టేస్తే, "మందుల షాపు వీధి మధ్యలో ఆపేస్తే ఎలాగండీ?" అని కసిరింది. అప్పుడు తెలిసింది అందరికీ.

తిరకాసు పెట్టింది మనవరాలే.

"తాతయ్యా, ప్రతి ఆకులోనూ 'పక్కన చూడండి' అని రాశాడు. పక్కన ఏమీ లేదేంటి?"

"ఏదో మాటవరసకి రాసి ఉంటాడమ్మా."

"కాదు. ఇటు చూడు. ఇక్కడ పిల్లి తోక ఉంది. పిల్లి లేదు."

నిజమే. ఆకు చివరంచులో పెన్సిల్‌తో గీసిన తోక. ఇంకో ఆకులో ఒక మోచెయ్యి. ఇంకోదాంట్లో గొడుగు కొస. అన్నీ అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. కూతురు భూతద్దం తెచ్చి చూసి, "అమ్మా, ఇవి మామూలు గీతలు కాదే. బాగా చెయ్యి తిరిగినవాడు గీశాడు. ప్రతి వీధికీ పక్కన మనుషుల బొమ్మలు వేశాడు. ఎవరో అంగుళం మేర అంచు కోసేశారు" అంది.

బైండరమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. బోర్లా తిప్పింది. కుట్టు చివర ముడి చూసింది. వేలితో తడిమి మళ్ళీ చూసింది.

ఆవిడది ఎడమచేతి వాటం. లోకంలో బైండర్లంతా ఒక పక్కన ముడేస్తే ఆవిడ ముడి రెండో పక్కన పడుతుంది. పెద్దాయన బతికున్నన్నాళ్ళూ ఆ ముడి చూసి నవ్వేవాడు. ఈ పుస్తకంలో ముడి ఆ రెండో పక్కనే ఉంది.

అప్పుడు మెల్లగా గుర్తొచ్చింది. పనిలో చేరిన రెండో ఏడు పెద్దాయన జబ్బుపడి రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. గదంతా తనదే. కళ్ళు నెత్తికెక్కి ఉన్న రోజులు. చిరుగులు పట్టిన ఒక చేతిరాత పుస్తకం వచ్చింది. అంచుల నిండా పెన్సిల్ గీతలు. పిల్లలెవరో గీకారనుకుంది. ఒక్క పేజీ చదివి ఉంటే తెలిసేది. చదవలేదు. కటింగ్ మిషన్ కింద పెట్టి చక్రం బిగించి ఒక్క వేటున కోసేసింది. అంచు ఎంత నున్నగా వచ్చిందో చూసుకుని మురిసిపోవడం కూడా గుర్తొచ్చింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు విషయం విని లైబ్రేరియన్ పుస్తకం వెనక అట్ట లోపల అంటించిన చీటీ చూశాడు. ఏ సంవత్సరంలో ఎవరు బైండు చేశారో అందులో ఉంటుంది. అక్కడ పెద్దాయన సంతకం ఉంది.

"పాపం, ముసలాయనకి అప్పటికే చూపు ఆనేది కాదేమో" అన్నాడు లైబ్రేరియన్. "గోడ మీద పుస్తకం కింద చిన్న కార్డు పెడదామండీ. అంచులు పాత బైండరు చేతిలో పోయాయని. లేకపోతే చూసినవాళ్ళు మనల్ని అంటారు."

బైండరమ్మ తల వంచుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు పరధ్యానంగా తిరిగింది. జిగురు మాడబెట్టింది. భర్త మీద విసుక్కుంది. ఆయన అలవాటుగా పట్టించుకోలేదు. ఆవిడ మనసులో లెక్క చాలా సులువుగానే ఉంది. పెద్దాయన పోయాడు. మాటపడితే కాదనడానికి ఆయనవాళ్ళంటూ ఎవరూ లేరు. తన బోర్డు మీద మాట మాత్రం తన మనవరాలు రేపు పదిమందికి చదివి చూపించే మాట. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ కాదు. కాని ఒకే గోడ మీద పైన తన గొప్ప, కింద ఆయన తప్పు వేలాడుతుంటే ఆ గుమ్మంలోంచి తను ఎలా బయటికి వస్తుందో ఎంత ఆలోచించినా తోచలేదు.

మూడో సాయంత్రం కూతురు ఆ కార్డే రాస్తోంది. మనవరాలు పక్కన కూర్చుని, "ఆ పాత బైండరు మంచివాడు కాదా అమ్మమ్మా? చూడకుండా కోసేశాడా?" అని అడిగింది.

"ఆ కుంచె కింద పెట్టవే" అంది బైండరమ్మ కూతురితో. "కోసింది ఆయన కాదు. నేను."

భర్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ ఆపలేదు. జబ్బు సంగతి, మిషన్ సంగతి, ముడి సంగతి, పూస గుచ్చినట్టు చెప్పేసింది. చెప్పాక కొంచెం తేలికపడి, ఎప్పటి గొంతుతో మనవరాలిని కసిరింది. "అలా నోరు తెరుచుకుని చూస్తావేం? కోశాను. సిగ్గుగానే ఉంది. అయితే ఏంటి?"

"అయితే ఆ ముక్కలు ఏం చేశావు?" అంది మనవరాలు.

ఆ ప్రశ్న కోసమే ఆ పిల్లని దేవుడు పుట్టించాడని ఆవిడ తర్వాత అందరికీ చెప్పుకుంది. ఎందుకంటే ముక్కలు పారేయలేదు. ఆ గదిలో కాగితం ముక్క పారేయడం పెద్దాయన దృష్టిలో మహాపాపం. అంచులు కోస్తే వచ్చిన పట్టీలు దాచి, ఆ వారం కట్టే పుస్తకాల వీపుకి, కుట్టు మీద, బలానికి జిగురుతో అంటించాలి. పైన గుడ్డ వచ్చేస్తుంది కాబట్టి బయటికి కనపడవు. పిల్లి, గొడుగు మనిషి, మోచేతివాళ్ళు అందరూ ముప్ఫై ఏడేళ్ళుగా వేరే పుస్తకాల వీపుల్లో దాక్కుని ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే లైబ్రేరియన్ ముందు నిలబడి అదంతా చెప్పింది. ఆయన ఇబ్బందిగా కదిలి, "పోనీలెండి అమ్మగారూ, ఎప్పటి మాటో. ఎవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ. కోసింది నేను, తీసేదీ నేనే. ఆ ఏటి పని రిజిస్టరు ఇప్పించండి."

రిజిస్టరులో ఆ వారం పోస్టుమ్యాన్ పుస్తకం కాక ఇంకో ఏడు పుస్తకాలు ఉన్నాయి. పక్కనే బైండు చేసినవాళ్ళ సంతకం. ఆ రెండు నెలలూ ప్రతి పుస్తకానికీ ఆవిడ సంతకమే, వంకరటింకరగా, గర్వంగా. ఒక్క పోస్టుమ్యాన్ పుస్తకం దగ్గర మాత్రం ఆవిడ సంతకం మీద చిన్న కాగితం అంటించి దానిమీద పెద్దాయన సంతకం చేశాడు. అట్ట లోపల చీటీ కూడా ఆయనే మార్చి ఉంటాడు. మంచం మీదనుంచి లేచి వచ్చి, చూసి, ఒక్క మాట కూడా అనకుండా తప్పు తన పేరున రాసుకున్నాడు. కోసే ముందు ఒక పేజీ అయినా చదువమ్మా అన్నది అప్పుడే. ఆవిడ రిజిస్టరు మూసి అలమరాల వైపు నడిచింది.

ఆరు పుస్తకాలు అలమరాల్లో దొరికాయి. రెండు వారాలు వాటితోనే సరిపోయింది. తను కట్టిన పుస్తకాలు తనే విప్పింది. గుడ్డ లేపి, తడిబట్ట వేసి నానబెట్టి, మడత బద్దతో పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసేది. పెన్సిల్ గీతలు కాబట్టి తడికి చెదరలేదు. విప్పినవన్నీ మళ్ళీ కుట్టింది. ఆ పాత కుట్టు చూసి, "ఎవరిదో గాని చెయ్యి గట్టిదే" అని తనని తానే మెచ్చుకుంది కూడా. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన గొప్పలు మానాలని ఎక్కడుంది?

ఆరబెట్టిన పట్టీలు సాయంత్రం భోజనాల బల్ల మీదికి వచ్చేవి. తోక ఉన్న ఆకుకి పిల్లిని వెతికేది మనవరాలు. పిల్లి దర్జీ ఒడిలో దొరికింది. గొడుగు కొస పట్టుకుని మంత్రసాని వచ్చింది, సగం పరుగులో. మోచెయ్యి ఒక కళ్ళజోడు అమ్మాయిది. ఆ ఆకులో ఇలా రాసి ఉంది: "ఈ వీధిలో చదువు వచ్చినది ఈమె ఒక్కతే. అందరి ఉత్తరాలూ చదివి పెడుతుంది. తన వరండాలో ఒక బల్ల మీద పుస్తకాలు పెట్టి అడిగినవారికి ఇస్తుంది. పక్కన చూడండి." ఆ వీధి లైబ్రరీ ఉన్న వీధే. లైబ్రరీ ఎవరి చలవతో పుట్టిందో అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. కూతురు ఆ అమ్మాయిని నిలువెత్తున గీసింది. బైండరమ్మ ఇప్పుడు దారం పక్కన పెట్టేసి, కళ్ళజోడు పెట్టుకుని తనే గట్టిగా చదివేది. భర్త, "నా ఉద్యోగం ఊడింది" అనేవాడు.

ముప్ఫై అయిదు పట్టీలు వచ్చాయి. ఇంకా అయిదు ఏడో పుస్తకంలో ఉన్నాయి. అది ఇంజన్ల రిపేరు పుస్తకం. "పాఠకుడు తిరిగి ఇవ్వలేదు" అని రిజిస్టరులో ఉంది.

ఆ మాట చెప్పినప్పుడల్లా భర్త లేచి మంచినీళ్ళకి వెళ్తున్నాడని మనవరాలే కనిపెట్టింది. నాలుగోసారి నీళ్ళకి లేచినప్పుడు, "తాతయ్యా, నీకు అంత దాహం ఎందుకు?" అని నిలదీసింది.

ఆయన వెళ్ళి పెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. జీవితంలో మొదటిసారి నిజంగా గుసగుసగా మాట్లాడాడు.

"డ్రైవరు పరీక్ష కోసం తీసుకున్నా. చేతినిండా జిగురుతో ఒక అమ్మాయి ఇచ్చింది. 'మూల మడిచావో చెవి మడుస్తా' అంది. తిరిగివ్వబుద్ధి కాలేదు."

బైండరమ్మ ఆయన వంక చూసింది. "అయితే ఇన్నాళ్ళూ లైబ్రరీ దొంగతో కాపురం చేశానన్నమాట" అంది. పుస్తకం తిప్పి చూసింది. ఒక్క మూల కూడా మడవలేదు. ఆవిడ మొహం ఎర్రబడటం కూతురు చూసి చూడనట్టు ఊరుకుంది.

అయిదు పట్టీల్లో చివరిది ఆరేసరికి ఆదివారానికి రెండు రోజులే ఉంది. మనవరాలు దాన్ని దాని ఆకు పక్కన చేర్చి చదివింది. "వీధి చివర అట్టల దుకాణం. యజమాని కునుకు తీస్తుంటే పనంతా ఈ పదేళ్ళ కుర్రాడిదే. ఇంత శ్రద్ధగా కాగితం మడిచేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పక్కన చూడండి."

పక్కన ఒక సన్నటి కుర్రాడు కాగితం మీదికి వంగి ఉన్నాడు. నాలుక కొంచెం బయటికి పెట్టి, కుడిచేతి చూపుడువేలితో మడత నొక్కుతున్నాడు. ఆ వేలు కొక్కెంలా వంకర తిరిగి ఉంది.

బైండరమ్మ ఏడ్చింది. ఇంట్లో ఎవరూ ఆవిడ ఏడవగా చూడలేదు. ఆయనకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ అది. దాన్ని తను కోసింది. కోసిందని ఆయనకి తెలుసు. తెలిసీ ఆ కోత మీద తన సంతకం పెట్టుకుని, పక్క బల్ల దగ్గర ఏడేళ్ళు కూర్చుని పని నేర్పాడు. "ఎంత మనిషండీ ఆయన" అని భర్తతో మూడుసార్లు అంది.

ఆదివారం హాలంతా జనం. గోడ పొడుగునా వీధులు, వీధుల్లో మనుషులు, మధ్యలో కళ్ళజోడు అమ్మాయి, చివర వంకరవేలి కుర్రాడు. కుర్రాడి కింద ఆయన ఎవరో, ఏం చేశాడో కూతురు పెద్ద అక్షరాలతో రాసింది. బైండింగ్ గది గుమ్మం మీద బోర్డు ఉంది. అందులో మాట బైండరమ్మే మార్పించింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒకే ఒక్క పుస్తకం పాడుచేసి, దాన్నీ బాగుచేసిన చెయ్యి." చదివినవాళ్ళు నవ్వుతుంటే ఆవిడ దాని కింద తలెత్తుకుని నిలబడింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కథంతా చెప్పింది. పోస్టుమ్యాన్ పుస్తకం చీటీలో పెద్దాయన సంతకం చెరపలేదు. దాని పక్కనే తన సంతకం పెట్టింది, ఎడమచేత్తో, స్పష్టంగా.

జనం పలచబడ్డాక కొత్త బైండరు వచ్చింది. ప్రెస్సులో పదేళ్ళు పనిచేసిన మనిషి, చేతులు చురుకైనవి. బైండరమ్మ గది తాళాలు, దబ్బనాలు, మడత బద్ద అప్పజెప్పింది. పోస్టుమ్యాన్ పుస్తకం చేతికిచ్చింది. అతికించిన పట్టీలతో దాని అంచు ఎగుడుదిగుడుగా ఉంది. కొత్తావిడ వేలు పెట్టి లాగి చూసి మొహం చిట్లించింది.

"అంచు అసహ్యంగా ఉంది కదమ్మా. ఒక్కసారి మిషన్ కింద పెట్టి సమంగా కోసేస్తే?"

బైండరమ్మకి కోపం రాలేదు. స్టూలు ఒకటి ముందుకి లాగింది.

"కూర్చో అమ్మా" అంది. "ముందు ఒక పేజీ చదువు."